సీసా మీద తప్పు చీటీ

ఏడేళ్లు ఒక పురుగు తోలు దాచుకుని తిరిగాను. దాని బరువెంత? ఉల్లిపొరంత కూడా ఉండదు. అరచేతిలో పెట్టి ఊదితే ఎగిరిపోతుంది. కానీ బియ్యం బస్తా నెత్తికెత్తుకున్నప్పుడు కూడా నా మెడ అంతగా వంగలేదు.

నాకు రాయడం రాదు. సంతకం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను. అంతే. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. రాళ్ల దుమ్ము తిన్న గొంతు నాది, బొంగురు. అందుకని "మళ్లీ చెప్పు అత్తయ్యా" అని మధ్యలో ఆపుతోంది. అన్నది అన్నట్టే రాయమన్నాను. పేరు మాత్రం వద్దన్నాను. నా పేరు ఇప్పటికే ఒకచోట రాసి ఉంది. ఉండకూడని చోట ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసిన మొహం చూస్తే నాకు మళ్లీ అబద్ధమే వస్తుంది.

మాది జగ్గయ్యపేట. మా ఆయన సున్నపురాయి క్వారీలో డ్రిల్లింగు పని చేసేవాడు, నేను రాయి ఎత్తేదాన్ని. ఆయన జబ్బు చేసి పోయాక నందిగామ వచ్చి ఇళ్లల్లో పనికి కుదిరాను. ఆ ఇళ్లల్లో ఒకటి సారుది. సారు జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఒక గది నిండా సీసాలు. సీసాల్లో కప్పలు, పాములు, తేళ్లు. నాకు ముందు చేసినవాళ్లు ఆ గది తుడవమని అడిగినందుకే పని మానేశారట. నేను పదకొండేళ్లు తుడిచాను. పదకొండేళ్లలో నా చేతిలో ఒక్క సీసా పగల్లేదు, ఒక్క చెంచా పోలేదు. గొప్పకే చెబుతున్నాను. నన్ను ముంచింది ఆ గొప్పే కాబట్టి, అది ముందే చెప్పాలి.

సారుకి కళ్లల్లో శుక్లాలు ముదిరాయి. మనిషి ఎదురుగా నిలబడితే గొంతు విని పోల్చుకునేవాడు. చదవడం పోయింది. ఆయన దగ్గర చదువుకున్న శ్రీకాంత్ జగ్గయ్యపేటలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ప్రతి ఆదివారం తొమ్మిదిన్నర బస్సుకి దిగి, మధ్యాహ్నం దాకా పేపరూ పుస్తకాలూ చదివి వినిపించేవాడు. కన్నకొడుకులు చెయ్యరు అంత.

ఒక ఆదివారం అతను గాజు పెట్టె తెచ్చాడు. హైదరాబాదు నుంచి ఒళ్లోంచి దించకుండా తెచ్చాడట. లోపల అరచేయంత సాలెపురుగు, మట్టి రంగుది. టరంటులా అంటారట, చిలీ అనే దేశంలో పుట్టే రకమట. "సార్, దీన్ని చూడక్కర్లేదు. చెయ్యి చాపండి చాలు" అన్నాడు. సారు చాపాడు. అది మెల్లగా, పెళ్లికూతురు పీటల మీదికి వచ్చినట్టు, ఆయన అరచేతి మీదికి ఎక్కింది. సారు కళ్లు మూసుకుని లోపల్లోపల ఏదో లెక్కపెట్టి, "ఎనిమిది" అని నవ్వాడు. చూపు లేని మనిషికి చూడ్డానికి ఒకటి ఇచ్చాడు శ్రీకాంత్. అది మర్చిపోకండి. నేను పాడు చేసింది దాన్ని.

ఆ పురుగు సారు చేతి మీద బుద్ధిగా ఉండేది. నేను పెట్టె కడగబోతే మాత్రం వెనక కాళ్లతో వీపు రుద్దుకునేది. నూగు ఎగిరి నా మణికట్టుల మీద పడి దురద. కొబ్బరి నూనె రాసుకునేదాన్ని. సారుకి ఎప్పుడూ చెప్పలేదు. దురదని చెబితే ఆయన పెట్టె తనే కడుక్కుంటానంటాడు, చూపులేని మనిషి.

ఆపరేషనుకి విజయవాడ వెళ్లాడు సారు. చెల్లెలి గారింట్లో పది రోజులు ఉండాలి. తాళం నా చేతికిచ్చాడు. పురుక్కి నీళ్లు పెట్టు, బొద్దింకలు వెయ్యి, ఇంకేం చెయ్యొద్దు అన్నాడు. ఇంకేం చెయ్యొద్దు. ఆ మాట ఇప్పుడు కూడా వినిపిస్తుంది.

అయిదో రోజు పొద్దున వెళ్లేసరికి అది వెల్లకిలా పడుంది. కాళ్లు పైకి. పెట్టె తట్టాను, కదల్లేదు. పుల్లతో తాకాను, కదల్లేదు. బొద్దింక చచ్చేది వెల్లకిలా. తేనెటీగ చచ్చేది వెల్లకిలా. నేను చూసిన ప్రతి పురుగూ అలాగే చచ్చింది. చచ్చిందనుకున్నాను. చెత్తబుట్టలో వెయ్యడానికి మనసొప్పలేదు. సారు చేతి మీద నడిచింది కదా. పెరట్లో మందారం మొదట్లో పడుకోబెట్టి, ఒక ఆకు కప్పి, దండం పెట్టుకుని వచ్చాను. పద్ధతిగా చేశాననుకున్నాను.

సాయంత్రం రెండో పూట పనికి వెళ్లి మందారం దగ్గర చూశాను. ఆకు పక్కకి పోయి ఉంది. ఒక తోలు ఉంది అక్కడ, పురుగు ఆకారంలోనే, నడి వీపు మీద మూత తెరిచినట్టు విచ్చుకుని, లోపల ఖాళీగా. దాని పక్కనే పురుగు. లేత రంగులో, తడితడిగా, పుట్టిన పిల్లంత మెత్తగా. దాని ఒళ్లంతా గండుచీమలు.

పొద్దున నేను పడుకోబెట్టినప్పుడు అది బతికే ఉంది. కుబుసం విడుస్తోంది. వెల్లకిలా పడుకునే విడుస్తుందట ఆ జాతి, తర్వాత సారు నోటే విన్నాను. పాము కుబుసం ఎన్నిసార్లు చూడలేదు నేను క్వారీలో? పాముకి ఉన్నది పురుక్కి ఉండదని ఎవరు చెప్పారు నాకు? ఒక్క పూట ఆగి ఉంటే? ఒక్క ఫోన్ చేసి ఉంటే? చెయ్యలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో నా చేతి మీద ఏదీ పోలేదు. పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తిడతాడన్న భయం కాదు. సారు ఎవర్నీ తిట్టి ఎరగడు. "అయ్యో, నీ చేతిలోనా?" అంటాడని.

ఈసారి నిజంగానే చచ్చింది. చీమలు దులిపి పురుగుని అక్కడే పాతాను. తోలు మాత్రం తీసుకున్నాను. మా ఆయన పోయాక ఖాళీ అయిన కుంకుమ భరిణె ఉంటే అందులో పెట్టాను.

మర్నాడు జగ్గయ్యపేట బస్సెక్కాను.

ఇప్పుడు చెప్పబోయేది చెబుతుంటే నాకు సిగ్గేయాలి. వెయ్యడం లేదు. క్వారీ పక్కన మూతపడ్డ కాపలా గది ఒకటి ఉంది, దాన్ని ఆనుకుని తొర్ర పడిన పాత వేప. ఆ తొర్రలో పెద్ద సాలెపురుగులుంటాయని నాకూ మా ఆయనకీ తెలుసు. తొలి వానలు పడ్డాక అవి గది గోడల మీదికి వస్తాయి. మా ఆయనే నేర్పాడు. "ఆడది తొర్ర దాటదే. మగదానికే కాలు నిలవదు, నీ మొగుడిలాగా. నోటి పక్కన బుల్లి చేతులుంటాయి చూడు, వాటి చివర ముడులుంటే మగది. జోలికి పోకు, కరిస్తే రెండు రోజులు చెయ్యి లేవదు" అనేవాడు. అలా అని ఆయనే పుల్ల పెట్టి లేపి చూపించేవాడు.

పట్టపగలు ఆ గదిలోకి వెళ్లి పాత తలుపు చెక్క లాగాను. వెనక ఉంది. బూడిద రంగు మీద గళ్లు, పొడుగు కాళ్లు. నన్ను చూసి ముందు కాళ్లెత్తింది. కాళ్ల కింద పసుపు, పసుపు కొమ్ము అరగదీసినంత పసుపు. క్యారేజీ గిన్నె బోర్లించాను, కింద నుంచి అట్ట తోశాను, తిప్పి మూత బిగించాను. మనిషి సాయం లేదు. ఈ పని చేయగల ఆడది కృష్ణా జిల్లాలో ఇంకొకతె ఉంటే నాకు చూపించండి.

బస్సులో కండక్టరు అడిగాడు. "ఏంటి పిన్నీ, గిన్నె అంత భద్రంగా పట్టుకున్నావ్?"

"పీతల కూర."

"ఒక పీత పెట్టొచ్చుగా."

"మూత తీస్తే నువ్వు దాన్ని తింటావో అది నిన్ను తింటుందో."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. అంత తప్పు ఒళ్లో పెట్టుకుని ఎలా నవ్వాను? నవ్వాను.

సారు తిరిగొచ్చాడు, నల్లద్దాలు పెట్టుకుని. అద్దాలు తీసే రోజు రాగానే భూతద్దం పట్టుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. కొత్త కళ్లతో మొదట చూసింది నన్ను కాదు, ఇంటిని కాదు. దాన్ని. "ఇన్నాళ్లూ నా చేతి మీద నడిచింది ఇదా!" అన్నాడు. చెయ్యి పెట్టబోతే నేనే వద్దన్నాను, విసురుగా ఉంది సార్, ఈ మధ్య కాలు నిలవడం లేదు అన్నాను. మారిందని ఆయనకి ఎలా తెలుస్తుంది? ఆ మొదటిదాన్ని ఆయన ఎన్నడూ కంటితో చూడలేదు.

అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నా నోరే ఊరుకోలేదు.

మూడు రోజులు భూతద్దంతో, టార్చితో దాన్ని చూస్తూనే ఉన్నాడు సారు. నాలుగో రోజు నేను గది తుడుస్తుంటే తనలో తను అన్నట్టు అన్నాడు.

"ఆడదే. చిలీ రకంలో ఈడొచ్చిన మగదానికి ముందు కాళ్ల మీద కొక్కేలుంటాయి. దీనికి లేవు."

"మగదే సార్."

"ఏమ్మా, ఎమ్మెస్సీ ఎప్పుడు చదివావ్ నువ్వు?"

"దానికి ఎమ్మెస్సీ ఎందుకండీ. నోటి పక్కన బుల్లి చేతులు చూడండి. చివర్లు ముడులు కట్టలా? నల్లపూసంత."

వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను.

"ఉన్నాయి," అన్నాడు. "ముడులున్నాయి, కొక్కేలు లేవు. మగదయ్యుండి కొక్కేల్లేవంటే... ఇది చిలీది కాదు."

నా చేతిలో చీపురు ఆగిపోయింది.

"దీని పెట్టె కడిగేటప్పుడు చేతులు దురద పెట్టేవా నీకు? చిలీదైతే నూగు విసురుతుంది."

"లేదండి. ఎప్పుడూ లేదు."

"శ్రీకాంత్ తెచ్చిందే కదా ఇది? అదే కదా?"

"అదే సార్."

అదే సార్. రెండు ముక్కలు. ఎంత తేలిగ్గా వచ్చాయో.

ఆ తర్వాత పెట్టెని రెండు స్టూళ్ల మధ్య పెట్టించి, కింద నేల మీద పడుకుని అడుగు గాజులోంచి టార్చి వేశాడు సారు, ఆ వయసులో. ముందు కాళ్ల కింద పసుపు. పొట్ట కింద అడ్డంగా తెల్లటి పట్టీ. లేచి పుస్తకం తీశాడు. బొమ్మ నాకు చూపించాడు, నాకు! వేలు పెట్టి పేరు చదివాడు. పీసిలోథీరియా రెగాలిస్. మొదట్లో నోరు తిరగలేదు, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కోడలు రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ తప్పు లేకుండా చెప్పాను. రెగాలిస్ అంటే రాజసం ఉన్నదని అర్థమట. మన కొండల పక్క చెట్ల తొర్రల్లో ఉండేదట. ఆ రకంలో మగదానికి కొక్కేలుండవట.

"నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, నా కన్ను ఆగిన చోట నీ కన్ను ఆగలేదమ్మా" అన్నాడు సారు. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు నా కాళ్లు నేల మీద ఆనలేదు. మా ఆయన బతికుంటే బాగుండుననిపించింది, ఈ ఒక్క మాట వినడానికి. తప్పు చేసినదాన్ని ఇంత సంతోషపడొచ్చా? పడ్డాను. ఆ సంతోషం ఇప్పటికీ పోలేదు, పోనివ్వను కూడా. దాని కింద శ్రీకాంత్ నలిగాడన్నదే నేను మోస్తున్నది.

ఆదివారం వచ్చాడతను, ఎప్పటిలా. సారు పేపరు ఇవ్వలేదు. పెట్టె చూపించాడు.

"మన కొండ పురుగుని పట్టుకొచ్చి చిలీదన్నావు. గుడ్డివాడికి ఏదైనా ఒకటేననా?"

శ్రీకాంత్ పెట్టెలోకి చూశాడు. మొహం తెల్లబోయింది. "సార్, నేను తెచ్చింది ఇది కాదు."

"అయితే ఏంటి, పెట్టెలో కూర్చునే దేశం మారిందా? ఎక్కడ పట్టావో చెప్పు, చాలు. తప్పేం లేదు. అబద్ధమే తప్పు."

"నేను పట్టలేదు సార్. అమ్మతోడు."

అప్పుడు అతను నా వైపు తిరిగాడు. వంటింటి గుమ్మంలో ఉన్నాను, చేతిలో కాఫీ గ్లాసులు. "రోజూ చూసేది మీరే కదా పిన్నీ. మారిందా ఇది? మీకు తెలీదా?"

సారు కూడా నా వైపే చూశాడు. ఇద్దరు చదువుకున్నవాళ్లు నా నోటి మాట కోసం ఆగారు. నా జన్మలో అదొక్కసారే.

"నాకేం తెలుసు బాబూ. చదువు లేనిదాన్ని" అన్నాను.

ఇదీ నేను చేసింది. పురుగుని చంపడం తెలియక. ఇంకొకటి తెచ్చి పెట్టడం పొగరు. కానీ ఇది? ఆ గదిలో ఉన్న ముగ్గురిలో అన్నీ తెలిసింది నాకొక్కదానికే. అది చిలీది కాదని తెలుసు, ఏ చెట్టుదో తెలుసు, మగదని తెలుసు, మొదటిది ఎక్కడ పాతానో తెలుసు. అన్నీ తెలిసి, నా చదువులేనితనాన్ని కొంగులా మొహం మీదికి లాక్కున్నాను. నాలుగు రోజుల ముందు ఎమ్మెస్సీ ఎందుకన్న నోరే కదా అది?

శ్రీకాంత్ బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోడానికి చాలాసేపు పట్టింది. మళ్లీ రాలేదు. సారు ఇప్పుడు పేపరు తనే చదువుకోగలడు. అయినా ఆదివారం తొమ్మిదిన్నరకి పేపరు మడిచి పక్కన పెట్టి, కిటికీ దగ్గర కూర్చునేవాడు. బస్సు హారన్ వినిపించి, వెళ్లిపోయాక, మళ్లీ విప్పేవాడు. ఎన్ని ఆదివారాలు చూశాను నేను అలా? ప్రతిసారీ కాఫీ ఇచ్చి లోపలికి వచ్చేశాను.

ఈడొచ్చిన మగది ఎక్కువ కాలం బతకదట. అయిదు నెలలకి పోయింది. ఈసారి వెల్లకిలా కాదు, కాళ్లు కిందికి ముడుచుకుని పోయింది. చావంటే అలా ఉంటుందని అప్పుడు చూశాను. సారు దాన్ని సీసాలో పెట్టి, చీటీ అంటించి, తను పాఠాలు చెప్పిన కాలేజీ ల్యాబుకి ఇచ్చేశాడు. చీటీలో ఏముందో నేను అడగలేదు. పోయిన ఏడాది సారూ వెళ్లిపోయాడు. శ్రీకాంత్ వచ్చాడు ఆ రోజు, దూరంగా గేటు దగ్గర నిలబడ్డాడు.

ఈ ఏడాది మా కోడలు ఆ ల్యాబులో పనికి చేరింది. ఒక సాయంత్రం వచ్చి, "అత్తయ్యా, అక్కడ సాలెపురుగు సీసా మీద నీ పేరుందేంటి?" అంది. రాసుకొచ్చిన కాగితం చదివింది. పీసిలోథీరియా రెగాలిస్. మగ. మగదని గుర్తించింది: నా పేరు, ఇంటిపేరుతో సహా. తెచ్చింది: శ్రీకాంత్. దొరికిన చోటు: చెప్పలేదు.

చెప్పలేదు. ఏడేళ్లుగా ఆ ల్యాబుకొచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ ఆ మాట చదువుతున్నారు. పైన నా గొప్ప, కింద అతని మీద మచ్చ, ఒకే చీటీ మీద. జీవితంలో నా పేరు అచ్చంగా ఒకరు రాసి అంటించింది అక్కడొక్కచోటే. చదువు రాకపోయినా దాన్ని ఒకసారి చూసి రావాలని ఉంది. చూడలేను.

పోయిన ఆదివారం భరిణె తీసుకుని జగ్గయ్యపేట వెళ్లాను. తొమ్మిదిన్నర బస్సే, ఎదురు దిక్కుకి. శ్రీకాంత్ తలుపు తీశాడు. జుట్టు నెరిసింది. జరిగిందంతా నిలబడే చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పినంత కూడా సాగదియ్యకుండా. అతను భరిణె మూత తీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దం తెచ్చుకుని చూశాడు. వీపు మీద నూగు చూశాడు.

"ఇదే" అన్నాడు. "నేను తెచ్చింది ఇదే."

భూతద్దం కింద పెట్టి అడిగాడు. "సార్‌కి చెప్పారా? పోయేముందు?"

"లేదు బాబూ."

భరిణె మూత పెట్టాడు. దాన్ని పట్టుకునే లోపలికి వెళ్లాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. ఎండ నా కాళ్ల దాకా వచ్చింది. లోపలి నుంచి ఎవరూ రాలేదు. లేచి బస్సు దగ్గరికి నడిచాను. భరిణె లేని సంచి పట్టుకుని నడవడం కొత్తగా ఉంది.

కోడలు ఇందాక ఒకసారి కలం ఆపింది. నా మొహం చూసింది. మళ్లీ రాస్తోంది. ఇంకొక్క ముక్క ఉంది, అది విడి కాగితం మీద రాయమన్నాను. రేపు ల్యాబులో పెద్దవాళ్లకి ఇస్తుంది. అంటిస్తారో, నవ్వి అవతల పడేస్తారో వాళ్లిష్టం. నేను చెప్పాల్సింది మాత్రం ఇది.

పీసిలోథీరియా రెగాలిస్. మగ. శ్రీకాంత్ తెచ్చింది ఇది కాదు. అతను తెచ్చింది చిలీదే, అతను చెప్పింది నిజం. ఇది దొరికిన చోటు: జగ్గయ్యపేట, క్వారీ పక్క పాత కాపలా గది, తలుపు చెక్క వెనక. పట్టింది నేను. పెట్టెలో మార్చింది నేను. నాకు తెలుసు. అప్పుడూ తెలుసు.